నిష్పాక్షికత ఎవరి పక్షం?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఓటరు ఇంటికి రెండు రకాల కాగితాలు వస్తాయి. ఒకటి పార్టీల కరపత్రం, రెండవది ఎన్నికల సంఘం వారి చీటీ. ఎవరికి ఓటు వేయాలో కరపత్రం చెబుతుంది. ఎక్కడ వేయాలో చీటీ చెబుతుంది. పోటీలో ఉన్నవారు ఇంతవరకు ఏం చేశారు, ఇకమీద ఏం చేస్తామంటున్నారు, ఏ విషయంలో ఎవరికెవరికి తేడా ఉన్నది అని చెప్పే మూడవ కాగితం ఒకటి ఉండవలసి ఉన్నది. అది సాధారణంగా రాదు. అక్కడక్కడ కొన్ని పౌరసంఘాలు, కొందరు విద్యార్థులు, ఉపాధ్యాయులు అటువంటిది తయారు చేయటానికి పూనుకుంటున్నారు. పూనుకున్న ప్రతిచోటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఒక రాజకీయ విశ్వాసం ఉన్న మనిషి పక్షపాతం లేని కాగితం రాయగలడా? రాయగలిగినా, రాయవచ్చునా?

దీనికి రెండు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది విద్యావంతులైన మధ్యతరగతివారు చెప్పేది. ‘మేము వాస్తవాలు మాత్రమే ఇస్తాము, అభిప్రాయం ఓటరుదే’ అంటారు వీరు. రెండవది మన శిబిరంలో వినబడేది. ‘వర్గసమాజంలో నిష్పాక్షికత అనేది బూటకం. నిష్పాక్షికుణ్ణి అని చెప్పుకునేవాడు ఉన్న వ్యవస్థ పక్షాన ఉన్నవాడే. మన పని ప్రచారం చేయటం’ అంటారు వీరు. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. ఆ కొంత నిజాన్ని అడ్డం పెట్టుకుని కష్టమైన పని నుండి తప్పుకోవటం కూడా రెండింటిలోనూ ఉన్నది. మొదటివారి మాటను ముందు పరిశీలిద్దాం.

మన దేశంలో అభ్యర్థి గురించి అధికారికంగా తెలుసుకునే హక్కు ఓటరుకు సులభంగా రాలేదు. అహమ్మదాబాదులోని మేనేజిమెంటు విద్యాసంస్థకు చెందిన కొందరు అధ్యాపకులు 1999లో ఒక సంఘం పెట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. అభ్యర్థి తన మీద ఉన్న నేరారోపణలు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రకటించాలని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మిగతా ప్రతి విషయంలోనూ కలహించుకునే పార్టీలు ఈ ఒక్క విషయంలో ఏకమై, ఆ ఏడాదిలోనే చట్టం సవరించి, కోర్టు అడిగినంత సమాచారం ఇవ్వనక్కరలేదన్నాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. అప్పటినుండి నామినేషనుతోపాటు అఫిడవిట్ వస్తున్నది. అందులో గడులు ఖాళీగా వదిలితే చెల్లదని 2013లో మరొక తీర్పు వచ్చింది. నేరారోపణలు ఉన్నవారు ఆ సంగతి పత్రికలలోనూ టెలివిజన్‌లోనూ ప్రకటించాలని 2018లో ఇంకొకటి వచ్చింది. అటువంటివారిని ఎందుకు నిలబెట్టారో పార్టీలు కారణం చెప్పాలని, గెలిచే అవకాశం ఉన్నదన్నంతమాత్రాన అది కారణం కాదని 2020లో ఇంకొకటి వచ్చింది.

అంటే ఇరవై ఏళ్లపాటు సమాచారం పెరుగుతూ వచ్చింది. ఫలితం ఏమిటి? నేరారోపణలు ఉన్నట్లు తామే ప్రకటించి లోక్‌సభకు గెలిచినవారు 2009లో 162 మంది, 2014లో 185 మంది, 2019లో 233 మంది, 2024లో 251 మంది. కోటీశ్వరులు 2009లో 315 మంది ఉండగా 2024లో 504 మంది అయ్యారు. ఈ లెక్కలు కట్టింది సమాచారం కోసం కోర్టుకు వెళ్లిన ఆ సంఘమే. సమాచారం పెరిగినకొద్దీ, ఏ రోగానికి మందుగా దాన్ని కోరుకున్నారో ఆ రోగమూ పెరిగింది.

ఇది చూసి ‘ప్రజలకు బుద్ధి లేదు’ అనేవారు ఉన్నారు. వారికి మహాభారతం గుర్తు చేయాలి. ధృతరాష్ట్రుడికి సమాచార లోపం ఎన్నడూ లేదు. సంజయుడు కౌరవుల ఉప్పు తిన్నవాడే. అయినా యుద్ధభూమిలో జరిగినది జరిగినట్లు చెప్పాడు. భీష్ముడు పడిపోయిన వార్తను మెత్తపరచి చెప్పలేదు. ప్రపంచ సాహిత్యంలో ఇంత నమ్మదగిన వార్తాహరుడు అరుదు. విన్న రాజు దుఃఖించాడే గాని యుద్ధం ఆపలేదు. ఎందుచేతనంటే అతడు అడిగిన మొదటి ప్రశ్నలోనే తనవాళ్లు, పాండుకుమారులు అనే విభజన ఉన్నది. రాజ్యం ఎవరికి న్యాయంగా చెందుతుంది అని అతడు సంజయుణ్ణి అడగలేదు. తనవాళ్ల గతి ఏమిటని అడిగాడు. ప్రశ్న ఎక్కడ మొదలయిందో జవాబు కూడా అక్కడికే చేరింది.

మన ఓటరు ధృతరాష్ట్రుడు కాడు, రాజ్యం అతడి చేతిలో లేదు. కాని ఇక్కడ కూడా లోపం ప్రశ్నలోనే ఉన్నది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు తీసుకోని ఊళ్లో, తహసీల్దారు కార్యాలయంలో పని జరగని ఊళ్లో, ‘ఈ మనిషి మీద కేసులున్నాయి’ అంటే ఓటరుకు అది కొత్త విషయం కాదు. కేసులున్నవాడైనా పని చేయించగలడు అనేది అతడి అనుభవం. ఆ అనుభవం అతడి తెలివితక్కువతనం వల్ల పుట్టలేదు. ప్రభుత్వం అతడికి అందకపోవటం వల్ల పుట్టింది. ‘ఈ అభ్యర్థి మీద కేసులెన్ని?’ అనేది నగరంలోని విద్యావంతుడి ప్రశ్న. ‘రేపు నా పాసుపుస్తకం పని ఎవరివల్ల అవుతుంది?’ అనేది ఓటరు ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఎన్ని జవాబులు అచ్చువేసి పంచినా రెండవ ప్రశ్నకు జవాబు రాదు.

పైగా మొదటి ప్రశ్నకు వచ్చే జవాబైనా సరిగా ఉన్నదా? కౌలురైతుల కోసం కలెక్టరు కార్యాలయం ముందు కూర్చున్నవాడి మీదా కేసు ఉంటుంది, హత్యాయత్నం చేసినవాడి మీదా కేసు ఉంటుంది. నిషేధాజ్ఞలు ఉల్లంఘించాడని పది కేసులు మోస్తున్న కార్మిక నాయకుడు ‘పది కేసులు’ అనే అంకె కింద నిలబడతాడు. చెరువు పూడ్చి స్థలాలు అమ్మినవాడు, కేసు లేకుండా చూసుకోగలిగినవాడు గనుక, ‘సున్న’ అనే అంకె కింద తెల్లబట్టలతో నిలబడతాడు. రెండు అంకెలూ వాస్తవాలే. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఇంకొక మాట చెప్పకుండా వదిలితే మాత్రం అది అబద్ధం. తీవ్రమైన నేరారోపణలను విడదీసి చూపటం మొదలయిన తరువాత ఈ దోషం కొంత తగ్గింది. అయితే తీవ్రత ఏదో తేల్చటం కూడా ఒక నిర్ణయమే గదా! ‘వాస్తవాలు మాత్రమే’ అన్నవారు తమకు తెలియకుండానే నిర్ణయాలు చేస్తున్నారు.

అఫిడవిట్‌లో ఇంకొక లోపం ఉన్నది. అది ఓటరుకు ఒక వ్యక్తిని చూపుతుంది. అతడి బంగారం ఎంత, భూమి ఎంత, ఎంతవరకు చదివాడు అని చెబుతుంది. సభలో అతడు ఏ పక్షాన చేయి ఎత్తుతాడో చెప్పదు. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చిన తరువాత విప్ జారీ అయినప్పుడు సభ్యుడు పార్టీ చెప్పినట్లు ఓటు వేయవలసిందే. కనుక పార్టీ విధానం ముఖ్యం, వ్యక్తి గుణగణాలు తరువాతివి. ఆ విధానం కూడా ఓటురూపంలో నమోదు కావటం అరుదు. మన చట్టసభలలో ఎక్కువ బిల్లులు మూజువాణీ ఓటుతో గట్టెక్కుతాయి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు అట్లాగే గట్టెక్కాయి. డివిజన్ కావాలని ప్రతిపక్షాలు అడిగినా జరగలేదు. ఆ చట్టాల మీద రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దులలో కూర్చున్నారు, 2021లో వాటిని రద్దు చేయించుకున్నారు. కాని ఆ రోజు ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడు అనే పట్టిక ఏ రైతుకూ దొరకదు, అటువంటి పట్టిక లేదు గనుక. సభ్యుడి మెడలోని గొలుసు తూకం ఓటరుకు తెలుసు. రైతు మెడకు ఉరి బిగించే చట్టానికి అతడు అవునన్నాడో కాదన్నాడో తెలియదు.

వాస్తవాలను ఇస్తూనే వాటి మధ్య సంబంధాన్ని తెంచివేయవచ్చు. దీనికి ఎన్నికల బాండ్ల చరిత్రకు మించిన ఉదాహరణ అక్కరలేదు. 2018లో అమలులోకి వచ్చిన ఈ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, వివరాలు బయటపెట్టమన్నది. స్టేటుబ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు ముగిసిపోతాయి. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న రెండు జాబితాలు వచ్చాయి. కొన్నవారి జాబితా ఒకటి, పుచ్చుకున్న పార్టీల జాబితా ఒకటి. ఒక లాటరీ కంపెనీ 1,300 కోట్ల రూపాయలకు పైగా బాండ్లు కొన్నదని తెలిసింది. ఎవరికి ఇచ్చిందో తెలియలేదు. రెండింటినీ కలిపే సంఖ్యలు కోర్టు మళ్లీ గద్దించిన మీదట మార్చి 21న వచ్చాయి. మొదటి వారంలో ఓటరు చేతిలో ఉన్నవి వాస్తవాలే. వాటి అర్థం మాత్రం ఆ సంఖ్యలతో గాని రాలేదు. పాలకవర్గాలు వాస్తవాలకు అంతగా భయపడవు. ఒక వాస్తవాన్ని మరొకదానితో ముడిపెట్టే మనిషికి భయపడతాయి.

కనుక మొదటివారి వాదన నిలవదు. ఏది అడగాలి, ఏది ముందు రాయాలి, దేనిని దేని పక్కన పెట్టాలి అనే ప్రతిచోటా రాసేవాడి నిర్ణయం ఉంటుంది. విదేశాలలో పెద్ద సంస్థలు చేసిన పనిలోనూ ఈ సంగతి బయటపడింది. ఓటరు ముందు కొన్ని ప్రతిపాదనలు పెట్టి, అతడి జవాబులను పార్టీల జవాబులతో పోల్చి చూపే పద్ధతి హాలెండులో 1989లో మొదలయింది. జర్మనీలో 2002 నుండి పౌరవిద్యకు సంబంధించిన ప్రభుత్వ సంస్థే దీన్ని నడుపుతున్నది. ఒకసారికి ఎనిమిది పార్టీలతో మాత్రమే పోల్చుకునే ఏర్పాటు చిన్న పార్టీలకు అన్యాయం చేస్తున్నదని 2019లో కొలోన్ నగరంలోని న్యాయస్థానం అభ్యంతరం చెప్పింది. అక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు, ఏ పార్టీనీ తిట్టలేదు. ఎనిమిది అనే అంకెలోనే పక్షపాతం దూరింది.

ఇక్కడికి రాగానే మన మిత్రులు సంతోషిస్తారు. ‘చూశారా, నిష్పాక్షికత లేదని మేము మొదటే చెప్పాము. ఇక కరపత్రం వేద్దాం’ అంటారు. ఈ తొందర తగదు. సంపూర్ణమైన ఆరోగ్యం ఎవరికీ లేదు గనుక వైద్యం బూటకం అని ఎవరూ అనరు.

ప్రశ్నలో పక్షం ఉండక తప్పదు. అయితే ఎవరి పక్షం? మన తెలుగునేల మీద జరిగిన రెండు సంఘటనలు దీనికి జవాబు చెబుతాయి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంకరపోతున్న జిల్లా అది. తాగే నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపు మీద జనం వందలకొద్దీ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. గెలిచింది కమ్యూనిస్టు పార్టీకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. నామినేషన్లు వేసిన జనంలో దాదాపు అందరూ డిపాజిట్లు పోగొట్టుకున్నారు. 2019లో నిజామాబాదులో 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. వీళ్లంతా గెలవటానికి నిలబడలేదు. ‘నీళ్ల సంగతేమిటి?’, ‘పసుపు ధర సంగతేమిటి?’ అనే ప్రశ్న అచ్చు వేయటానికి వాళ్లకు మరొక కాగితం దొరకలేదు. బ్యాలెట్ పత్రాన్నే తమ ప్రశ్నాపత్రంగా చేసుకున్నారు. ఓటరు ప్రశ్నను మోసే మూడవ కాగితం ఒకటి అంతకుముందే ఉండి, అభ్యర్థులందరూ దానికి సంతకం పెట్టి జవాబు చెప్పవలసివచ్చి ఉంటే, అన్ని డిపాజిట్లు పోగొట్టుకోవలసిన అగత్యం ఉండేది కాదు.

నిష్పాక్షిక సమాచారానికి న్యాయమైన అర్థం ఇదే అనుకుంటాను. ప్రశ్న ఓటరు పక్షాన ఉండాలి, జవాబు ఎవరి పక్షానా ఉండరాదు. తాగునీరు, కౌలు, కూలిరేటు, బడి, ఆసుపత్రి గురించి అడగటంలో మనం ఏ మాత్రం తటస్థులం కానక్కరలేదు. కాని అడిగిన ప్రశ్నే అందరినీ అడగాలి. వచ్చిన జవాబును వచ్చినట్లే, అందరికీ సమానమైన చోటిచ్చి రాయాలి. మనకు ఇష్టమైనవాడి జవాబు నీళ్లు నమిలినట్లుంటే అది నీళ్లు నమిలినట్లే కనిపించాలి.

‘అంత త్యాగం దేనికి? మన పార్టీ శ్రామికుల పార్టీ అయినప్పుడు దాన్ని గెలిపించటమే శ్రామికులకు మేలు గదా!’ అనే ప్రశ్న మిగిలి ఉన్నది. దీనికి మొదటి ఎన్నికల నాటి ఒక సంగతితో జవాబు చెప్పవచ్చు. 1951-52 ఎన్నికలలో ఓటర్లు 17 కోట్లకు పైగా ఉండగా దేశంలో చదువు వచ్చినవారు నూటికి 18 మంది. చదువురానివారి కోసం గుర్తులు పెట్టారు, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టారు. ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య అనో, ఫలానావారి కూతురనో రాయించుకున్నారు. ఓటరుకు సొంత పేరు ఉండి తీరాలని సుకుమార్ సేన్ అధ్యక్షతన ఉన్న ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరకు సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఆ నిర్ణయం ఆనాటికి ఎంతో బాధ కలిగించి ఉంటుంది. కాని అందులోని సూత్రం గొప్పది. ఓటు అనేది తన పేరుతో నిలిచే మనిషి వేసేది.

ఓటరుకు బదులు మనమే నిర్ణయించి, ఆ నిర్ణయానికి సరిపోయే వాస్తవాలు ఏరి, సరిపోనివి దాచి, దానికి ‘సమాచారం’ అని పేరు పెడితే మనం చేస్తున్నదేమిటి? ఆ ఓటరును మళ్లీ ‘ఫలానావారి మనిషి’గా జాబితాలో రాస్తున్నాము. భూస్వామి తన పాలేర్ల ఓట్లు అట్లాగే లెక్కపెట్టుకునేవాడు. కులపెద్ద అట్లాగే లెక్కపెట్టుకుంటాడు. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. పాలేరును పాలేరుగానే ఉంచే పద్ధతి మాత్రం మారలేదు. శ్రామికుడు తన విమోచన తానే సాధించుకోవాలని నమ్మేవారికి ఈ పద్ధతి అందరికంటే ఎక్కువ నిషిద్ధం.

కరపత్రం వేయవద్దని దీని అర్థం కాదు. కరపత్రం గౌరవనీయమైన సాహిత్యరూపం. అది తన పక్షాన్ని దాచుకోదు. చదివేవాడికి ముందే తెలుసు, ఇది ఫలానా పార్టీ మాట అని. తప్పు ఎక్కడ వస్తుందంటే, కరపత్రం వేషం మార్చుకుని సమాచారపత్రంగా గుమ్మంలోకి వచ్చినప్పుడు. ఒకే మనిషి ఉదయం కరపత్రం పంచవచ్చు, సాయంత్రం సమాచారపత్రం రాయవచ్చు. రెండూ ఒకే కాగితం మీద రాయరాదు, రెండింటికీ ఒకే పేరు పెట్టరాదు. సాయంత్రపు కాగితంలో తన పేరు, తన అనుబంధం దాచకుండా చెప్పాలి. తూచేవాడిదీ ఒక పక్షమే అని తెలిసిన చదువరి తూకాన్ని జాగ్రత్తగా చూస్తాడు. అది మంచిదే.

మాట తేలికే, చేత కష్టం. మన నిజాయితీకి ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఎన్నికల బాండ్ల మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో మార్క్సిస్టు పార్టీ ఉన్నది. బాండ్ల ద్వారా విరాళాలు పుచ్చుకోమని ఆ పార్టీ నిలిచింది. ఇది రాయటానికి మన చేతికి ఉత్సాహంగానే ఉంటుంది. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2013 జూన్ 3న కేంద్ర సమాచార కమిషన్ తీర్పు చెప్పింది. ఆ ఆరింటిలో ఒక్కటీ దాన్ని అమలు చేయలేదు. వాటిలో రెండు కమ్యూనిస్టు పార్టీలూ ఉన్నాయి. ఈ రెండవ వాక్యం రాసేటప్పుడు చేయి ఆగుతుందా? ఆగితే మన కాగితం ఇంకా కరపత్రమే. పార్టీ అంతరంగిక చర్చలు బయటపెట్టరాదనే వాదన ఉన్నది. దానికి కొంత బలమూ ఉన్నది. ఆ వాదనను కూడా పక్కనే రాయవచ్చు. సంగతినే రాయకపోవటం వేరు.

ఇక పని పద్ధతి గురించి నాలుగు మాటలు. ప్రశ్నలు కళాశాల గదిలో పుట్టరాదు. కూలీల అడ్డా దగ్గర, రేషను దుకాణం దగ్గర, ఉపాధిహామీ పని జరిగేచోట అడిగి సేకరించాలి. ఆరోపణ, అభియోగం, శిక్ష అనే మూడింటినీ మూడు చోట్ల రాయాలి, ఆందోళన కేసులను నేరం కేసులతో కలపరాదు. పార్టీ ప్రణాళికలోని వాగ్దానం పక్కన ఆ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు చేసినది రాయాలి, అధికారంలో లేనివారు సభలో ఏమని వాదించారో రాయాలి. పేర్ల వరుసకు ఒక నియమం ఉండాలి, ఆ నియమం పైననే చెప్పాలి. అధికారిక బ్యాలెట్‌లోనే గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులు ముందు, గుర్తింపు లేని పార్టీలవారు తరువాత, స్వతంత్రులు చివర వస్తారు. మనం ఆ తరతమాలు పాటించనక్కరలేదు. జవాబు ఇవ్వనివారి గడి ఖాళీగా వదిలి, ‘అడిగాము, చెప్పలేదు’ అని రాయాలి. ఒక్కొక్కసారి ఆ ఖాళీ గడి కాగితం మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుతుంది. అచ్చుకు పోయేముందు మన అభిప్రాయానికి ఎదురు అభిప్రాయం ఉన్న ఒకరికి చూపించి, ‘ఇందులో నీకు అన్యాయం ఎక్కడ జరిగింది?’ అని అడగాలి. చివరగా, చదవలేనివారికి చదివి వినిపించాలి. వినిపించేటప్పుడు గొంతు మార్చరాదు.

ఇంత చేసినా ఓటరు మనకు నచ్చని తీర్పు ఇవ్వవచ్చు. ఇంతకుముందు చెప్పిన అంకెలు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. కులం ఉన్నది, డబ్బు ఉన్నది, భయం ఉన్నది. ఒక కాగితం వీటిని జయించదు. వీటిని జయించటానికి సంఘాలు కావాలి, పోరాటాలు కావాలి. అయితే ఏ సంఘమైనా, ఏ పోరాటమైనా మనిషి తన కళ్లతో చూసి తన నోటితో అడగటం దగ్గరే మొదలవుతుంది. అభ్యర్థి తన ప్రతి వస్తువునూ ప్రకటించనక్కరలేదని, తెలుసుకునే హక్కుకు హద్దులున్నాయని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 9న ఒక తీర్పులో అన్నది. వస్తువుల విషయంలో హద్దులుంటే ఉండవచ్చు. అడిగే హక్కుకు హద్దు లేదు. ఆ హక్కును ఓటరు చేతికి అందించేవాడు ఎవరి పక్షాన ఉన్నాడని అడిగితే, ఓటరు పక్షాన అని చెప్పాలి. ఆ మాట నిజం కావాలంటే, మనకు ఓటు వేయని ఓటరుకు కూడా మనం నిజమే చెప్పి ఉండాలి.